ఆకు చెబితే నమ్మొచ్చా?

సమాచారమంటే ఫోను తెరే అన్న రోజులివి. నిజానికి ఆకు, వెంట్రుక, పసుపుకొమ్ము, చెట్టు వేరు కూడా తెరలే. ఇప్పుడు ప్రయోగశాలలు బతికున్న మొక్కనే సమాచార ఫలకంగా మార్చే పనిలో పడ్డాయి. ఆ ఫలకం మీద కనిపించింది నిజమా కాదా అని పరీక్షించే పద్ధతి మాత్రం పాతదే. దాన్ని చెప్పిన తార్కికుడి పేరు ఒడిశాలోని రాయగడ జిల్లా పద్మపూర్ కొండ మీద రాతిలో ఉంది.

వానాకాలం ఊడుపులై మూడు వారాలు గడిచాక గట్ల మీద తరచూ వినిపించే ప్రశ్న ఒకటుంది.

"ఏటి మావా, మడి పసుపెక్కిపోనాది, ఇంకో బస్తా ఎయ్యమంటావేటి?"

శ్రీకాకుళం జిల్లాలోనైనా, సరిహద్దు దాటి ఒడిశాలోని గుణుపురం, పద్మపూర్ వైపు తెలుగు మాట్లాడే ఇళ్లలోనైనా ప్రశ్న ఇదే. బస్తా అంటే యూరియా అని విడమరిచి చెప్పక్కర్లేదు. మావ వెంటనే జవాబు చెప్పడు. గట్టు దిగి ఆకు పట్టుకుని చూస్తాడు. పక్క మడి వైపు చూస్తాడు. కింది ఆకులు కూడా ఒకసారి తిప్పి చూస్తాడు. అప్పుడు నోరు విప్పుతాడు.

ఆయన చదువుతున్నది ఒక తెరని. పత్రహరితం తయారు కావాలంటే మొక్కకి నత్రజని కావాలి. నేలలో నత్రజని తగ్గితే ఆకు పచ్చదనం తగ్గుతుంది. ఎరువు వేస్తే కొద్ది రోజుల్లో మళ్లీ పచ్చబడుతుంది. మనం చేసిన పనికి స్పందించి, ఆ స్పందనని కంటికి కనిపించేలా చూపించడమే ఇంటరాక్టివ్ డిస్‌ప్లే లక్షణమని ఇంజనీర్లు చెబుతారు. వరి ఆకుకి ఆ లక్షణం పుట్టుకతోనే ఉంది. కరెంటు అక్కర్లేదు, ఛార్జింగ్ అక్కర్లేదు.

చిక్కల్లా చదవడంలోనే. రంగుని మనిషి కన్ను గుర్తుపెట్టుకోలేదు. నిరుడు ఈ పాటికి ఎంత పచ్చగా ఉందో ఎవరూ చెప్పలేరు. ఎండలో ఒకలా, మబ్బులో ఒకలా కనిపిస్తుంది. ఈ ఇబ్బంది తీర్చడానికి వచ్చిందే ఆకురంగు పట్టిక. జపాన్‌లో మొదలైన ఆలోచనని 1990లలో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ ఆసియా రైతులకు పనికొచ్చేలా మలిచింది. చేతిలో ఇమిడే ప్లాస్టిక్ బద్ద. దాని మీద లేత పసుపుపచ్చ నుంచి ముదురు ఆకుపచ్చ దాకా వరసగా పట్టీలు, వాటికి అంకెలు. పట్టీల మీద వరి ఆకు ఈనెల్లాంటి గీతలు కూడా ఉంటాయి. నున్నటి ప్లాస్టిక్‌ని ఆకుతో పోల్చలేం కదా!

వాడే తీరు చూస్తే ఎంత జాగ్రత్తగా ఆలోచించారో తెలుస్తుంది. నాటిన పద్నాలుగో రోజు నుంచి పూత మొదలయ్యేదాకా వారం పది రోజులకోసారి చూడాలి. మడిలో అక్కడక్కడా పది దుబ్బులు ఎంచుకోవాలి. ఒక్కో దుబ్బులో పూర్తిగా విచ్చుకున్న పై ఆకుని, దాని నడిమి భాగాన్ని, తెంపకుండా, పట్టిక మీద ఆనించి పోల్చాలి. సూర్యుడికి వీపు పెట్టి, ఒంటి నీడలో చూడాలి. ఉదయం ఎనిమిది, పది గంటల మధ్య చూడాలి. మొదటిసారి ఎవరు చూశారో చివరిదాకా వాళ్లే చూడాలి. పదింటిలో సగానికి మించి ఆకులు గీటురాయి అంకెకు దిగువన ఉంటే ఎరువు వెయ్యాలి. లేకపోతే బస్తా ఇంట్లోనే ఉంచుకోవచ్చు.

ఆ గీటురాయి అంకె అన్ని వరి రకాలకూ ఒకటి కాదు. నాటు వేసే చాలా అధిక దిగుబడి రకాలకు 4. మన పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరులో పుట్టి ఒడిశా మడులన్నీ ఆక్రమించిన స్వర్ణకి మాత్రం 3. ఎం.టి.యు. 7029 అని విత్తన సంచి మీద రాసి ఉండేది ఇదే. స్వర్ణ తక్కువ నత్రజనితోనూ బాగా పండే రకం. ఆకు కాస్త లేత రంగులో ఉన్నా దానికి ఆకలి వేసినట్టు కాదు. నాలుగో అంకె పట్టుకుని స్వర్ణకి యూరియా పోస్తే పైరు పడిపోతుంది, దోమ చేరుతుంది. ఆకు అబద్ధం చెప్పలేదు. వేరే రకానికి రాసిన నిఘంటువు పెట్టుకుని మనమే దాన్ని తప్పు చదివాం.

అవిభక్త కోరాపుట్ జిల్లాలో ఈ ఇబ్బంది ఇంకా పెద్దది. 1950ల రెండో సగంలో కటక్‌లోని కేంద్ర వరి పరిశోధనా సంస్థవాళ్లు జయపురం ప్రాంతమంతా తిరిగి 1,700కు పైగా వరి నమూనాలు సేకరించారు. కోరాపుట్ సంప్రదాయ సాగుకి 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ వారసత్వ గుర్తింపు దక్కడానికి ముఖ్య కారణం ఆ వైవిధ్యమే. దేశవాళీ వరుల్లో ఆకు తొడుగు ఊదా రంగులో ఉండేవి ఉన్నాయి, ఆకే ఊదాగా ఉండేవీ ఉన్నాయి. పచ్చరంగు పట్టిక ఊదా ఆకు ముందు చేతులెత్తేయాల్సిందే. గిరిజన రైతు తన విత్తనాన్ని తానే దాచుకుని, దాని రంగు ఏ వారంలో ఎలా ఉంటుందో తానే ఎరిగి ఉంటే తప్ప ఆ తెర చదవడం కుదరదు.

పసుపుపచ్చకి కారణాలెన్ని?

ఆకు పసుపెక్కింది. నత్రజని తగ్గిందా? కావచ్చు. గంధకం తగ్గినా పసుపెక్కుతుంది. ఇనుము అందకపోయినా అంతే. నీరు నిలిచి వేళ్లకి గాలి ఆడకపోయినా అంతే. పచ్చదోమ మోసుకొచ్చే టుంగ్రో వైరస్ సోకితే పసుపు, నారింజ కలిసిన రంగుకి తిరుగుతుంది. జింకు లోపమైతే తుప్పు రంగు మచ్చలు పడతాయి. బంగారం లాంటి పంట చేతికొచ్చే ముందు ఆకు పండినా అదే రంగు.

అనుభవమున్న రైతు కింది ఆకులు తిప్పి చూసేది అందుకే. నత్రజని మొక్క ఒంట్లో కదిలే పోషకం. కరువొస్తే ముసలి ఆకుల నుంచి లాక్కుని మొక్క కొత్త ఆకులకి ఇస్తుంది. కాబట్టి ముందు కింది ఆకు పాలిపోతుంది. ఇనుము, గంధకం అంత తేలిగ్గా కదలవు. అవి తగ్గితే లేత ఆకులే ముందు తెల్లబోతాయి. ఒకే రంగు దుబ్బులో కింద కనిపిస్తే ఒక అర్థం, పైన కనిపిస్తే ఇంకో అర్థం.

ఏ గుర్తు చూసి దేన్ని నిశ్చయంగా చెప్పొచ్చు? ఈ ప్రశ్నని జీవితమంతా పట్టుకున్న మనిషి ధర్మకీర్తి. 7వ శతాబ్దపు బౌద్ధ తార్కికుడు, ప్రమాణవార్తికం, న్యాయబిందువు రాసినవాడు. పద్మపూర్ పక్కనున్న జగమండ కొండ మీద నీలకంఠేశ్వర, మణికేశ్వర ఆలయాలున్నాయి. అక్కడి 7వ శతాబ్దపు శాసనంలో ధర్మకీర్తి మఠం ప్రస్తావన ఉందని, ఆ తార్కికుడు నివసించిన చోటు ఇదేనని జిల్లా చరిత్ర చెబుతుంది. టిబెట్ చరిత్రకారుడు తారానాథుడు కూడా ధర్మకీర్తి చివరి రోజుల్లో కళింగలో విహారం కట్టించాడని రాశాడు. రెండూ కలిపితే కథ అందంగా కుదురుతుంది. అయితే పేరొకటే కాబట్టి మనిషీ ఒకడే అంటే మొదట ఒప్పుకోనివాడు ధర్మకీర్తే అవుతాడు. ఆ పేరు ఇంకొకరికి ఉండే వీలున్నంతసేపు అది గట్టి గుర్తు కాదు!

ఆయన సిద్ధాంతం వినడానికి చిన్నది. పొగ చూసి నిప్పుందని చెప్పొచ్చు. ఎందుకంటే నిప్పు లేకుండా పొగ పుట్టదు. అంతేగానీ ఇదివరకు పదిసార్లు రెండూ కలిసి కనిపించాయి కాబట్టి పదకొండోసారీ కలిసే ఉంటాయంటే చాలదు. గుర్తుకీ గుర్తించాల్సినదానికీ మధ్య విడదీయరాని సంబంధం ఉండాలి. ఇంకో మెలిక కూడా పెట్టాడు. కార్యాన్ని చూసి కారణాన్ని చెప్పొచ్చు గానీ కారణాన్ని చూసి కార్యం జరిగి తీరుతుందని చెప్పలేం. మధ్యలో ఏదైనా అడ్డుపడొచ్చు.

దీన్ని మన ఆరుద్ర పురుగు మీద పెట్టి చూడండి. తొలకరి పడగానే ఎర్రటి మఖమల్ ముద్దల్లా నేల మీద పాకుతాయి. వాటిని చూసి వానలొస్తాయంటారు. నిజానికి ఆ పురుగు చెప్పేది పడిన వాన గురించి. నేల తడిసింది కాబట్టి పైకొచ్చింది. రేపటి వాన గురించి దానికేం తెలుసు? తడిసిన నేలకి అది సాక్ష్యం, రాబోయే వానకి పూచీ కాదు. దాని మాట మీద విత్తు జల్లి, పదిహేను రోజులు చినుకు లేక మొలక మాడిపోయిన పొలాలు ప్రతి జిల్లాలోనూ ఉంటాయి.

పసుపెక్కిన వరి ఆకు ధర్మకీర్తి పరీక్షకి నిలబడదు. దానికి కారణాలు అనేకం. ఆకురంగు పట్టిక తయారుచేసినవాళ్లకి ఈ సంగతి తెలుసు. మిగతా పోషకాల లోటు, తెగుళ్లు లేని పైరులోనే వాడమని షరతు పెట్టింది అందుకే. మిగిలిన కారణాలన్నీ తప్పించాక పసుపు ఒక్క మాటే చెబుతుంది.

వెంట్రుక, పసుపు, ఆల్ వేరు

ప్రాణమున్నవాటి నుంచి వచ్చిన పదార్థాలతో కొలత పరికరాలు చేయడం కొత్తేమీ కాదు. 1665లో అచ్చయిన మైక్రోగ్రాఫియాలో రాబర్ట్ హుక్ అడవి ఓటు గింజ ముల్లుతో గాలిలో తేమ కొలిచే సాధనం వర్ణించాడు. ఆ ముల్లు తడికి పురి విప్పుకుంటుంది, ఎండితే మళ్లీ మెలి తిరుగుతుంది. కొసన చిన్న ముల్లు అతికిస్తే అది గడియారం ముల్లులా తిరిగి తేమ చూపిస్తుంది. మన తూర్పు కనుమల్లో నడిస్తే పంచెకి గుచ్చుకుని లోపలికి దూసుకుపోయే గడ్డి గింజలుంటాయే, వాటి తోకలదీ ఇదే గుణం. అరచేతిలో పెట్టి ఒక చుక్క నీళ్లు వేస్తే తిరుగుతూ కనిపిస్తాయి. 1783లో స్విట్జర్లండ్ శాస్త్రవేత్త సోస్యూర్ మనిషి వెంట్రుకతోనే తేమమాపకం చేశాడు. పూర్తి పొడి గాలి నుంచి పూర్తి తేమ గాలికి మారితే వెంట్రుక సుమారు రెండు, రెండున్నర శాతం సాగుతుంది. ఈ సాగుడుతో నడిచే యంత్రాలు మన వాతావరణ కేంద్రాల్లోనూ ఎన్నో ఏళ్లు గీతలు గీశాయి.

వెంట్రుక మంచి గుర్తు ఎందుకైంది? అది సాగడానికి తేమ తప్ప చెప్పుకోదగ్గ కారణం ఇంకోటి లేదు. వేడి ప్రభావం స్వల్పం.

ఇక పసుపు. సున్నం కలిస్తే ఎర్రబడుతుందని తెలుగింట పెళ్లిపీటల మీద కూర్చున్న ప్రతివాళ్లకీ తెలుసు. పారాణి అదే, హారతి పళ్లెంలో దిష్టినీళ్లూ అవే. పసుపులోని కర్కుమిన్ క్షారం తగిలితే పసుపు నుంచి గోధుమరంగు కలిసిన ఎరుపుకి మారుతుంది. ఆహారం ప్యాకింగ్ మీద పరిశోధన చేసేవాళ్లు ఇప్పుడు దీన్ని పట్టుకున్నారు. చేప కుళ్లేటప్పుడు అమ్మోనియా, ట్రైమిథైలమీన్ లాంటి క్షార వాయువులు వదులుతుంది. కర్కుమిన్ కలిపిన పల్చటి పొరని చేపల ప్యాకెట్ లోపల అంటిస్తే, చేప పాడైనకొద్దీ ఆ పొర పసుపు నుంచి ఎర్రగా తిరుగుతుంది. మందారం, ఎర్ర క్యాబేజీ, నేరేడు రంగులతోనూ ఇలాంటి లేబుళ్లు చేసి చూస్తున్నారు. గడువు తేదీ అన్ని ప్యాకెట్లకీ ఒకటే చెబుతుంది. ఈ పొర ఆ ప్యాకెట్ సంగతి, ఆ పూట సంగతి చెబుతుంది. దారిలో ఐసు కరిగిపోయిన బుట్టలోని ప్యాకెట్ రంగు వేరుగా ఉంటుంది.

పసుపు ఏ క్షారానికైనా ఎర్రబడుతుంది కదా, మరి ధర్మకీర్తి ఒప్పుకుంటాడా? ఒప్పుకుంటాడనే నా నమ్మకం. మూసిన ప్యాకెట్‌లో చేప తప్ప ఇంకేమీ లేదు. క్షారం వచ్చిందంటే చేప నుంచే రావాలి. పదార్థానికి లేని కచ్చితత్వాన్ని చోటు ఇచ్చింది. అదే పసుపు కాగితాన్ని వంటింటి గట్టు మీద పెడితే సోడా ఉప్పుకీ, సబ్బునీళ్లకీ, సున్నానికీ ఒకేలా ఎర్రబడి ఎందుకూ పనికిరాకుండా పోతుంది.

తగిలినదాన్ని బట్టి రంగు మారే ఈ గుణం కోరాపుట్ జిల్లా కోట్‌పాడ్ నేతలో ఇంకో రకంగా కనిపిస్తుంది. అక్కడి మిర్గాన్ నేతగాళ్లు ఆల్ చెట్టు వేరు బెరడుతో నూలుకి రంగు వేస్తారు. అంతకుముందు నూలుని ఆముదం, పేడ, బూడిదనీళ్లతో రోజుల తరబడి పదును చేస్తారు. ఒకే వేరు మామూలుగా ఎరుపు ఇస్తుంది. అన్నభేది కలిపితే, అంటే ఇనుము తగిలితే, ముదురు గోధుమరంగు, నలుపు దాకా పోతుంది. ఒడిశా నుంచి భౌగోళిక గుర్తింపు పొందిన మొదటి వస్తువుగా పేరొందిన నేత ఇది. ఈ కళకే గోవర్ధన్ పణికాకి 2018లో పద్మశ్రీ వచ్చింది. రంగునిచ్చే పదార్థం తగిలిన లోహాన్ని బట్టి రంగు మారుస్తుందన్న సంగతి రసాయన శాస్త్రంలో పెద్ద పనిముట్టు. ఆల్ రంగు కుటుంబానికే చెందిన అలిజరిన్‌తో ఇప్పటికీ ఎముకల్లో కాల్షియం ఎక్కడుందో ఎర్రగా చూపిస్తారు. పటికలోని అల్యూమినియంతోనూ అది ఎర్రబడుతుంది. బాక్సైటు కొండల జిల్లాలో అల్యూమినియాన్ని ఎర్రగా చూపించే రంగు వేళ్లు దొరకడం నాకెప్పుడూ సరదాగానే ఉంటుంది.

మన చేతిలోని ఫోను తెర కూడా ఈ వంశానికి చెందిందే. 1888లో ప్రాగ్‌లో ఫ్రీడ్రిష్ రైనిట్జర్ అనే వృక్షశాస్త్రవేత్త క్యారెట్‌లో దొరికే కొలెస్ట్రాల్ గురించి పరిశోధిస్తూ, దాని బెంజోయేట్‌కి రెండు ద్రవీభవన స్థానాలున్నాయని చూశాడు. 145.5 డిగ్రీల దగ్గర కరిగి మబ్బుగా ఉంటుంది, 178.5 దగ్గర తేటపడుతుంది. ఆ మబ్బుదశే ద్రవస్ఫటికం. ఎల్.సి.డి. తెరల వంశవృక్షానికి మొదలు అక్కడే. నుదుటి మీద పెడితే రంగు మారి జ్వరం చూపించే పట్టీల్లోనూ అలాంటివే ఉంటాయి.

కుండీలో తెర

1901 మే 10న లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో జగదీశ్ చంద్ర బోస్ మొక్కల స్పందనని ప్రదర్శించాడు. తర్వాతి ఏళ్లలో ఆయన చేసిన పేరొందిన పరికరాల్లో ఒకదాని కిటుకు ఇది: కంటికి అందనంత చిన్న కదలికని వేల రెట్లు పెంచి మసి పట్టించిన గాజు పలక మీద గీత గీయించడం. ఆయనకి ఇష్టమైన ప్రయోగవస్తువుల్లో అత్తిపత్తి ఒకటి. ముట్టుకుంటే ముడుచుకుంటుంది. వేడి తగిలినా, కోసినా, కరెంటు తగిలినా కూడా ముడుచుకుంటుంది. చూపరులకి వింతే గానీ గుర్తుగా బలహీనం. "ఏదో జరిగింది" అంటుంది, అంతే.

నూరేళ్లు గడిచాక ఇంజనీర్లు మొక్కనే తెరగా పెట్టి చూశారు. 2004లో పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ హోల్‌స్టియస్ బృందం భోజనశాలలోని చెత్తబుట్టల దగ్గర మొక్క పెట్టింది. ఒక పక్క మామూలు చెత్తబుట్ట, ఇంకో పక్క మళ్లీ వాడుకోదగ్గ సామాను వేసే బుట్ట. ఎటు ఎక్కువ పడితే అటు దీపం వెలిగేది. మొక్క వెలుగు వైపు వంగుతుంది కదా, రోజులు గడిచేకొద్దీ అక్కడ భోంచేసేవాళ్ల అలవాటు మొక్క వంపులో కనిపించేది. పోలికకి పక్కనే మరమొక్కనీ పెట్టారు. అది వెంటనే వంగేది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. చెత్త ఎటు పడిందో తెలుసుకున్నది యంత్రం. మొక్క దాన్ని చూపించింది, అంతే. వరి ఆకు అలా కాదు, కొలిచేదీ అదే, చూపించేదీ అదే. మొక్కని అద్దె తెరగా వాడుకోవడం నాకంత గొప్పగా అనిపించదు. ఆ పని బల్బు కూడా చేస్తుంది. కాకపోతే మనం చేసిన పనికి ఒక ప్రాణి మెల్లగా వంకర తిరుగుతుంటే చూసేవాడి మీద పడే ప్రభావం బల్బుకి రాదన్న మాట కాదనలేను.

2015లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ మీడియా ల్యాబ్‌లో హిరోషి ఇషీ బృందం, లైనింగ్ యావో ముఖ్య పరిశోధకురాలిగా, జపాన్‌వాళ్లు సోయాగింజలు పులియబెట్టడానికి వాడే నాటో బ్యాక్టీరియాని బట్ట మీద అద్దింది. ఆ కణాలు తేమకి ఉబ్బుతాయి, ఆరితే ముడుచుకుంటాయి. ఒళ్లు చెమట పట్టగానే బట్ట మీది చిన్న రెక్కలు వాటంతటవే తెరుచుకుంటాయి. హుక్ ఓటు ముల్లు బట్టకెక్కిందన్న మాట.

అదే సంస్థలో మైఖేల్ స్ట్రానో బృందం 2016లో చేసిన పాలకూర బాగా పేరు మోసింది. కార్బన్ నానోట్యూబులు ఎక్కించిన ఆకులవి. భూగర్భజలంలో పేలుడు పదార్థాల్లోని నైట్రో సమ్మేళనాలుంటే వేర్లు వాటిని నీళ్లతో పాటు పైకి లాగుతాయి. సుమారు పది నిమిషాల్లో ఆకుకి చేరతాయి. అక్కడి నానోట్యూబుల నుంచి వచ్చే పరారుణ కాంతి మారుతుంది. చిన్న కెమెరా అది పసిగట్టి ఈమెయిల్ పంపుతుంది. 2021లో "పాలకూర ఈమెయిల్ పంపిస్తోందట" అని లోకమంతా నవ్వుకుంది. మందుపాతరల భయం ఎరిగిన మల్కనగిరి, కోరాపుట్ దారులకి ఇది నవ్వులాట కాదు. అయితే ఆ ఆకుని మన కళ్లు చదవలేవు. కెమెరా ఉన్నవాడే చదవగలడు.

2024లో అమెరికాలో అమ్మకానికొచ్చిన వెలిగే పెట్యూనియా గురించి కూడా చెప్పాలి. పుట్టగొడుగు జన్యువులు పెట్టిన మొక్క, చీకట్లో లేత ఆకుపచ్చగా వెలుగుతుంది. అందంగానే ఉంటుంది. ఏమీ చెప్పదు.

ఒక్క మాట నేర్చిన మొక్క

ధర్మకీర్తి చేత తల ఊపించగలిగిన మొక్క 2023లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం రివర్‌సైడ్ ప్రయోగశాలలో వచ్చింది. షాన్ కట్లర్, ఇయాన్ వీల్డన్ బృందాలది ఆ పని. మొక్కల్లో అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను ఉంటుంది. నీటి ఎద్దడి వస్తే అది పెరుగుతుంది, దాన్ని పట్టుకునే గ్రాహక ప్రొటీను ఆకు రంధ్రాలు మూసుకునేలా చేస్తుంది. ఆ గ్రాహకాన్ని వీళ్లు మార్చి, ఎజిన్‌ఫాస్ ఇథైల్ అనే ప్రమాదకర పురుగుమందుని మాత్రమే పట్టుకునేలా తిప్పారు. ఆ మందు తగిలితే ఆవ కుటుంబానికి చెందిన చిన్న అరబిడాప్సిస్ మొక్క బీట్‌రూట్ రంగుకి తిరుగుతుంది. కెమెరా అక్కర్లేదు, ఉపగ్రహం అక్కర్లేదు. కరువు వస్తే మొక్క తన పని తాను మామూలుగానే చేసుకుంటుంది. ఎరుపు మాత్రం ఆ ఒక్క మందుకే.

గుర్తుకీ గుర్తించాల్సినదానికీ మధ్య తాళం, తాళంచెవి సంబంధం కుదిర్చారు. పసుపెక్కిన వరి ఆకు పది సంగతులు ఒకే గొంతుతో చెబుతుంది. ఈ ఆకుకి తెలిసింది ఒకటే సంగతి. జీవపదార్థాల తెరల మీద జరుగుతున్న పరిశోధనల్లో అసలైన మలుపు ఇదేనని నా అభిప్రాయం. రెక్కలు విప్పే బట్టలు, వెలిగే పూలు పత్రికల మొదటి పేజీకి పనికొస్తాయి. పొలానికి పనికొచ్చేది ఇది.

రాయగడ జిల్లాలో దీని అవసరం ఊహించడం కష్టం కాదు. గత రెండు దశాబ్దాల్లో కొండపోడు చిరుధాన్యాల మీదికి పత్తి పాకింది. పత్తితోపాటు మందులూ వచ్చాయి. చుట్టూ ఉన్న కుంటల్లో, గెడ్డల్లో ఏం కలుస్తోందో చూసి చెప్పే ప్రయోగశాల ఊరికి దగ్గర్లో ఉండదు. గెడ్డ ఒడ్డున నాటిన మొక్క ఎర్రబడితే పశువుని తోలుకుపోయే పిల్లాడు కూడా చదవగలడు.

అయితే ఇది జన్యుమార్పిడి మొక్క. మన దేశంలో 2002లో బి.టి. పత్తికి అనుమతి వచ్చింది. 2010 ఫిబ్రవరిలో బి.టి. వంకాయని నిలిపేశారు. ఇలాంటి జన్యుమార్పిడి మొక్క పొలంలోకి రావాలంటే జన్యు ఇంజనీరింగ్ మదింపు కమిటీ గడప దాటాలి. ఇంకోవైపు అనుమతే లేని, కలుపుమందు తట్టుకునే పత్తి విత్తనం రాయగడ ఊళ్లలో అమ్ముడుపోతోందని పత్రికల్లో చదివాం. కాగితం మీద తలుపు మూసి ఉంటుంది, సంతలో తెరిచి ఉంటుంది.

రెండో బెంగ తెర ఎవరి వైపు తిరిగి ఉందన్నది. కాలిఫోర్నియాలోని ఇన్నర్‌ప్లాంట్ అనే కంపెనీ టమాటా, సోయా మొక్కల్ని తెగులు సోకితే ప్రత్యేక కాంతి వెదజల్లేలా మార్చింది. ట్రాక్టరు మీది పరికరాలూ, పైనున్న ఉపగ్రహాలూ చదివే కాంతి అది. గట్టు మీద నిలబడ్డ రైతుకి కనిపించదు. అయోవాలో వేల ఎకరాల ఆసామికి అదే సరైన పద్ధతి కావచ్చు. ఎకరం, అరెకరం మడిలో తన చేలో ఏం జరుగుతోందో తనకన్నా ముందు మందుల కంపెనీకి తెలిసే ఏర్పాటు నాకు నచ్చదు. కంటితో చదవగలిగే ఎరుపు కొంచెం ఆలస్యమైనా మేలు.

ధర్మకీర్తి దగ్గర ఇంకో పరీక్ష మిగిలే ఉంది. ఆయన చెప్పిన మూడు రకాల హేతువుల్లో మూడోది అనుపలబ్ధి, అంటే కనిపించకపోవడం. ఈ గదిలో కుండ కనిపించలేదు, కాబట్టి కుండ లేదు. ఇలా అనాలంటే ఒక షరతుంది. కుండ ఉండి ఉంటే కనిపించి తీరేంత వెలుగు ఉండాలి, చూసే కన్ను బాగుండాలి. చీకటి గదిలో కుండ కనిపించలేదంటే ఏమీ తెలియనట్టే. పిశాచాల్లాంటి కంటికి కనిపించనివాటి విషయంలో అసలీ వాదమే చెల్లదంటాడు.

గెడ్డ ఒడ్డున మొక్క పచ్చగానే ఉంది. నీళ్లలో మందు లేనట్టేనా? మందు ఉన్నా మొక్క గుర్తించేంత మోతాదులో లేకపోవచ్చు. మొక్క నీరసపడి రంగు తయారుచేసే శక్తి పోగొట్టుకుని ఉండొచ్చు. వేరు ఆ నీటిదాకా దిగకపోయి ఉండొచ్చు. వేరే మందు కలిసి ఉండొచ్చు. కోవిడ్ కిట్‌లో రెండు గీతలుండేవి గుర్తుందా? టి దగ్గర గీత రాకపోతే జబ్బు లేదని నమ్మడానికి, సి దగ్గర గీత వచ్చి తీరాలి. కిట్ పనిచేసిందని చెప్పేది ఆ గీతే. అది రాని కిట్‌ని పారేసి ఇంకోటి తీసేవాళ్లం. ఎర్రబడే మొక్కని పొలానికి పంపేముందు దాని ఆకు మీద ఎక్కడో ఒక సి గీత కూడా పెట్టాలి. నీళ్లు తాగుతున్నాను, రంగు చేయగలను, చూస్తున్నాను అని ప్రతి ఉదయం చెప్పే ఇంకో మచ్చ. అప్పుడే పచ్చని ఆకుకీ సాక్ష్యం చెప్పే అర్హత వస్తుంది.